బాక్టీరియా ఊపిరికి మీటరు, మనిషి ఊపిరికి తాడు

(మురుగు – కులం – చదువు: 6వ భాగం)

కొత్తగా కట్టిన ఏ మురుగునీటి శుద్ధి కేంద్రానికైనా వెళ్లి చూడండి. పెద్ద కాంక్రీటు ట్యాంకు ఉంటుంది. అందులో గోధుమరంగు నీళ్లు కుతకుత ఉడుకుతున్నట్టు కదులుతుంటాయి. గట్టు మీద చిన్న పెట్టె, దాని తెర మీద ఒక అంకె. 1.8, 2.0, 2.1... లీటరు నీళ్లలో ఎన్ని మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉందో చెప్పే అంకె అది. అది 2కి అటూ ఇటూ ఉండాలని ఇంజనీర్లు చూసుకుంటారు. తగ్గితే బ్లోయర్లు వేగం పెంచుతాయి, పెరిగితే తగ్గిస్తాయి. అర్ధరాత్రయినా, ఆదివారమైనా, పండగైనా ఆ లెక్క ఆగదు. ఎందుకు? నీళ్లలో ఉన్న బాక్టీరియాకు ఊపిరాడకపోతే అది పని మానేస్తుంది. నత్రజని నీళ్లలోనే ఉండిపోతుంది.

ఆ నీళ్లు ఆ ట్యాంకుకు చేరే దారిలోనే, రెండు మూడు కిలోమీటర్ల ఎగువన, పైపు పూడుకుపోతుంది. మూత తీస్తారు. మనిషిని దించుతారు. నడుముకు తాడు. లోపల ఆక్సిజన్ ఎంతుందో చెప్పే పెట్టె లేదు, తెర లేదు, అంకె లేదు. బొద్దింకలు బతికున్నాయా లేదా అని చూసి దిగే మనుషులు ఈ దేశంలో ఇంకా ఉన్నారు. బొద్దింకే వాళ్ల మీటరు.

ఒకే మురుగు, ఒకే నగరం, ఒకే బడ్జెట్టు. ఒక చివర సూక్ష్మజీవి ఊపిరికి సెన్సరు ఉంది. ఇంకో చివర మనిషి ఊపిరికి తాడు ఉంది. ఆ తాడైనా ఊపిరి కోసం కాదు, శవాన్ని పైకి లాగడానికి.

"తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసినవాడివి, నీకు నత్రజని గొడవ దేనికి?" అని అడిగేవాళ్లున్నారు. నా చదువే నాకు ఇది నేర్పింది. ఒక మాట ఎక్కడ వాడారో ఎంత ముఖ్యమో, ఎక్కడ కావాలని వదిలేశారో కూడా అంతే ముఖ్యం. ఈ కథలో ఒక మాటను గెజెట్‌లోంచి తీసేశారు. కొందరు మనుషులను నిర్వచనంలోంచి తీసేశారు. ఈ రెండు తీసివేతలకూ ఉన్న చుట్టరికం చెప్పడానికే ఈ భాగం.

ముందు సైన్సు తెలుసుకుందాం

సైన్సు మనది కాదనుకుని పక్కన పెడితే, మనల్ని చంపేవాళ్లు దాన్ని అడ్డం పెట్టుకుంటారు. కాబట్టి ఓపిగ్గా చదవండి.

మనం తినే పప్పులో, గుడ్డులో, మాంసంలో ప్రోటీన్ ఉంటుంది. ప్రోటీన్ బరువులో సుమారు 16 శాతం నత్రజని. వాడుకోగా మిగిలింది ఒంట్లోంచి ఎక్కువగా యూరియా రూపంలో మూత్రంతో బయటికి పోతుంది. మనిషికి రోజుకు సుమారు 10 గ్రాములు అనుకోండి. కోటి మంది ఉన్న నగరానికి రోజుకు 100 టన్నులు. 45 కిలోల యూరియా బస్తాల్లో చెప్పాలంటే 4,800 బస్తాల పైమాటే. ఒక్క రోజుకు! పొలానికి రెండు బస్తాల కోసం సొసైటీ ముందు చెప్పులు లైన్లో పెట్టే రైతులున్న రాష్ట్రంలో, హైదరాబాద్ అంత నగరం రోజూ డ్రైనేజీలోకి వదిలేది ఇంత.

పైపుల్లో ఈ యూరియా అమ్మోనియా అవుతుంది. అలాగే నదిలోకి వదిలితే చేపలకు విషం. నదిలో ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ తాగేస్తుంది. చెరువులో చేరితే గుర్రపుడెక్క, నాచు కమ్ముకుంటాయి. నైట్రేటుగా మారి భూమిలోకి ఇంకితే బావినీళ్లలో తేలుతుంది. తాగేనీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదని మన ప్రమాణం చెబుతోంది. మించితే మొదట దెబ్బ తగిలేది సీసాపాలు తాగే పసిపిల్లలకు. వాళ్ల రక్తం ఆక్సిజన్‌ను మోసుకెళ్లలేదు. అంటే మళ్లీ ఊపిరి సమస్యే.

ఈ నత్రజనిని తీసేసే పని బాక్టీరియాదే. రెండు అంచెల్లో జరుగుతుంది.

మొదటి అంచెలో గాలి కావాలి. నైట్రోసోమోనాస్ లాంటి బాక్టీరియా అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తుంది. నైట్రోస్పైరా, నైట్రోబాక్టర్ దాన్ని నైట్రేటుగా మారుస్తాయి. ఒక కిలో అమ్మోనియా నత్రజనికి 4.57 కిలోల ఆక్సిజన్ లెక్క. పైన చెప్పిన 100 టన్నులనూ ఇలా మార్చాలంటే రోజుకు 457 టన్నుల ఆక్సిజన్ కావాలి. ఈ బాక్టీరియా నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి బురదను తొందరపడి తోడేయకూడదు, రోజుల తరబడి ట్యాంకులో నిలపాలి. చలి పెరిగితే ఇంకా నిదానం. విషరసాయనం కలిస్తే చచ్చిపోతుంది. ఎంత సుకుమారమో చూడండి!

రెండో అంచెలో గాలి ఆపేయాలి. అప్పుడు వేరే జాతుల బాక్టీరియా, ఆక్సిజన్ దొరక్క, నైట్రేటులో ఉన్న ఆక్సిజన్‌ను పీల్చుకుంటుంది. మిగిలిన నత్రజని బుడగలై గాలిలోకి పోతుంది. గాలిలో 78 శాతం ఉన్నది అదే, హాని లేదు. మొదటి అంచెలో ఖర్చయిన ఆక్సిజన్‌లో సగానికి పైగా ఇక్కడ తిరిగొచ్చినట్టు లెక్క. హైదరాబాద్‌లో కొత్తగా కడుతున్న ఎస్‌బీఆర్ ప్లాంట్లలో ఈ రెండు అంచెలూ ఒకే ట్యాంకులో వంతులవారీగా జరుగుతాయి: నింపడం, గాలి కొట్టడం, ఆపడం, తేర్చడం, పైనీళ్లు వంచడం.

ఇందులో రహస్యం లేదు, మంత్రం లేదు. కొత్తదీ కాదు. మురుగులోని అమ్మోనియాను నైట్రేటుగా మార్చేది జీవులేనని 1877లోనే ఫ్రాన్స్‌లో ష్లోసింగ్, ముంట్జ్ చూపించారు. ఆ జీవులు బతికే తీరును 1890 ప్రాంతంలో విడమర్చినవాడు వినోగ్రాడ్‌స్కీ. మురుగులోకి గాలి కొట్టి, అడుగున దిగిన బురదనే మళ్లీ వాడుకునే పద్ధతిని 1914లో మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ ప్రకటించారు. వాళ్లకు దారి చూపిన గిల్బర్ట్ ఫౌలర్ 1916లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు వచ్చాడు. అంటే ఈ విద్య మన దేశానికి వందేళ్ల కిందటే చేరింది.

అప్పుడు మన పట్టణాల్లో ఏం జరుగుతోంది? రెల్లి, మెహతర్, మాదిగ ఆడవాళ్లు మలాన్ని తట్టల్లో నెత్తిన మోస్తున్నారు. దాన్ని నిషేధిస్తూ మొదటి కేంద్ర చట్టం రావడానికి 1993 దాకా పట్టింది. అది చాలక 2013లో ఇంకో చట్టం చేయాల్సి వచ్చింది. మురుగుకు సైన్సు దొరికిన చోట, మురుగు మోసేవాడికి చట్టం దొరకడానికి ముప్పావు శతాబ్దం పైనే పట్టింది. "దేశం పేదది, టెక్నాలజీ లేదు" అనే మాట ఇంకెవరికైనా చెప్పండి.

మొదటి తీసివేత: గెజెట్‌లోంచి నత్రజని

2015 నవంబరులో కేంద్ర పర్యావరణ శాఖ ఒక ముసాయిదా ఇచ్చింది. శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో బీఓడీ లీటరుకు 10 మిల్లీగ్రాములు, అమ్మోనియా నత్రజని 5, మొత్తం నత్రజని 10 మించకూడదంది. మంచి ప్రమాణమే.

2017 అక్టోబరు 13న తుది నోటిఫికేషన్ వచ్చింది. బీఓడీ 10 కాస్తా మెట్రో నగరాలకు 20, మిగతా చోట్ల 30 అయింది. నత్రజని ఏమైంది? అంకె పెరగలేదు. ఆ వరుసే లేదు. అమ్మోనియా లేదు, మొత్తం నత్రజని లేదు.

నత్రజని తొలగింపు అంటే నీళ్లలోంచి తొలగించడం అని పాఠ్యపుస్తకం చెబుతుంది. మన ప్రభుత్వం కాగితంలోంచి తొలగించింది. కరెంటు ఖర్చు లేదు, బ్లోయరు అక్కర్లేదు. ఇంతకన్నా చవకైన పద్ధతి ప్రపంచంలో ఎక్కడా ఉండదు.

జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 ఏప్రిల్ 30న ఈ సడలింపును ఒప్పుకోలేదు. నిపుణుల కమిటీ చెప్పిన గట్టి ప్రమాణాలే పాటించాలంది. పెద్ద నగరాలకు మొత్తం నత్రజని 10. పాత ప్లాంట్లకూ వర్తిస్తుందంది. ఇప్పుడు కొత్త టెండర్లలో నత్రజని మాట వినిపిస్తున్నదంటే ఆ ఉత్తర్వు పుణ్యమే ఎక్కువ.

చట్టం అడగకపోతే ఏమవుతుందో చూడాలంటే అంబర్‌పేట చూడండి. మూసీ శుద్ధి పేరుతో కట్టిన పాత ప్లాంట్లలో పెద్దది అదే, రోజుకు 33.9 కోట్ల లీటర్లు. దాని ప్రధాన పద్ధతి గాలి లేకుండా కుళ్లబెట్టడం. బీఓడీ తగ్గుతుంది, గ్యాసు వస్తుంది. కానీ గాలి లేని చోట అమ్మోనియా నైట్రేటుగా మారదు. ప్రోటీన్ కుళ్లి అమ్మోనియా ఇంకాస్త పెరుగుతుంది కూడా. ఇది ఇంజనీర్లకు తెలియక కాదు. కట్టేనాడు నత్రజనిని లెక్కలోకి తీసుకోమని ఎవరూ అడగలేదు, అంతే.

ఆ లెక్కలేని నత్రజని ఎక్కడికి పోతుంది? దిగువకు. పీర్జాదిగూడ, పర్వతాపురం, కొర్రెముల దగ్గర పరాగడ్డి మడుల్లోకి, ఇంకా కిందికి నల్లగొండ జిల్లా వరిమడుల్లోకి. గడ్డికి అది బలమే. ఆ గడ్డి కోసి అమ్ముకుని బతికే కూలీలున్నారు, నేను కాదనను. వరికి మాత్రం మోతాదు మించితే పైరు ఏపుగా పెరిగి పడిపోతుంది, తాలు ఎక్కువవుతుంది, తెగులు పట్టుకుంటుంది. ఆ నీళ్లలో మోకాళ్ల దాకా దిగి నాట్లు వేసే ఆడవాళ్ల కాళ్లకు ఏమవుతుందో ఏ గెజెట్టూ రాయదు. నగరానికి అది "తొలగిపోయిన" నత్రజని. దిగువ ఊరికి అది వచ్చిపడిన నత్రజని.

రెండో తీసివేత: నిర్వచనంలోంచి మనిషి

2021 జులైలో కేంద్ర ప్రభుత్వం రాజ్యసభకు ఒక జవాబు చెప్పింది. మాన్యువల్ స్కావెంజింగ్ వల్ల మరణాలు నమోదు కాలేదని. మరి మ్యాన్‌హోళ్లలో, సెప్టిక్ ట్యాంకుల్లో చనిపోయినవాళ్లు? వాళ్లది వేరే ఖాతా అట. "ప్రమాదకర శుభ్రత" ఖాతా. అదే ప్రభుత్వం పార్లమెంటుకు ఇచ్చిన లెక్కల్లోనే, 2019 నుంచి 2023 దాకా ఆ రెండో ఖాతాలో 377 చావులున్నాయి.

2013 చట్టం చదవండి. మురుగు కాలువను చేత్తో శుభ్రం చేయించడం "ప్రమాదకరం" ఎప్పుడవుతుందంటే, భద్రతా పరికరాలు ఇవ్వకుండా, జాగ్రత్తలు తీసుకోకుండా చేయించినప్పుడు. అంటే పరికరాలు ఇస్తే దించవచ్చు. ఆ చట్టం కింద వచ్చిన నిబంధనల జాబితాలో గ్యాస్ మానిటర్ ఉంది. జాబితాలో ఉంది, మ్యాన్‌హోల్ దగ్గర లేదు. మనిషి చనిపోయాక "మేం ఇచ్చాం, వాడే వేసుకోలేదు" అనే మాట మాత్రం తప్పకుండా ఉంటుంది.

నత్రజనిని వరుసలోంచి తీసేస్తే నీళ్లు శుభ్రమైనట్టు. చావును నిర్వచనంలోంచి తీసేస్తే దేశం శుభ్రమైనట్టు. రెండింటికీ గుమస్తా ఒకడే.

2021 ఆగస్టులో హైదరాబాద్ సాహెబ్‌నగర్‌లో రాత్రిపూట మ్యాన్‌హోల్‌లోకి దిగిన ఇద్దరు కాంట్రాక్టు కార్మికులు చనిపోయారు. ఆ రాత్రి ఇదే నగరంలో శుద్ధి కేంద్రాల బ్లోయర్లు తిరుగుతూనే ఉన్నాయి.

వాళ్లను చంపిందేమిటో కూడా తెలుసుకోండి, ఎందుకంటే అదీ బాక్టీరియా కథే. మూసిన పైపులో గాలి అందదు. అక్కడ ఇంకో జాతి బాక్టీరియా సల్ఫేటులోని ఆక్సిజన్‌ను వాడుకుని హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన. గాలిలో పది లక్షల పాళ్లకు 100 పాళ్లు చేరితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన పోయింది కదా అని మనిషి ధైర్యంగా దిగుతాడు. 700 దాటితే కొన్ని శ్వాసల్లో కుప్పకూలుతాడు. అతన్ని లాగబోయి రెండోవాడు దిగుతాడు. అందుకే ఈ వార్తల్లో ఎప్పుడూ ఇద్దరు, ముగ్గురు ఉంటారు. నిమిషంలో ఇదంతా చెప్పే మీటరు అరచేతిలో పట్టేంత ఉంటుంది. ప్లాంటులో ఒక బ్లోయరుకు పెట్టే ఖర్చుతో పోలిస్తే దాని ధర లెక్కలోకి రాదు.

డబ్బు లేక కాదు. టెక్నాలజీ లేక కాదు. మరి దేనివల్ల?

"బాక్టీరియాకు కులమేంటి?"

ఇక్కడికొచ్చేసరికి ఈ ప్రశ్న వస్తుంది. ప్రతిదాంట్లో కులం తెస్తారేంటి అని.

బాక్టీరియాకు కులం లేదు. అందుకే దానికి గాలి దొరికింది.

మురుగు, సెప్టిక్ ట్యాంకు పనివాళ్ల గురించి 'నమస్తే' పథకం కింద ప్రభుత్వమే వివరాలు సేకరించింది. 2024లో బయటికొచ్చిన లెక్కలో సుమారు 38 వేల మంది ఉన్నారు. అందులో 68.9 శాతం ఎస్సీలు. ఎస్టీలు, బీసీలను కలిపితే 92 శాతం. ఈ అంకెను మేం తేలేదు, మీ పథకమే తెచ్చింది. ట్యాంకు పక్కన తెర ముందు కుర్చీలో కూర్చునేవాళ్ల కులాల లెక్క కూడా తీయండి. తీయరు. ఆ లెక్కను మాత్రం అడగకూడదు.

మాటలు చూడండి. నీళ్లు బాగుచేసే చోటు పేరు "శుద్ధి కేంద్రం". అది బాగుచేసేది "అశుద్ధం". పైపులోకి దిగేవాడి పేరు "పారిశుద్ధ్య కార్మికుడు". శుద్ధి అనే మాట అతని పేరులో ఉంది, అతని పనిలో ఉంది. అతన్ని అంటుకుంటే మాత్రం మైల. మురుగునీళ్లు ట్యాంకులోంచి బయటికొస్తే శుద్ధజలం అంటారు, మంత్రులు గ్లాసులో పట్టి ఫొటో దిగుతారు. మ్యాన్‌హోల్‌లోంచి బయటికొచ్చిన మనిషికి చెయ్యి తగలకుండా పైనుంచి నీళ్లు పోస్తారు. కొన్ని గంటల్లో మురుగును శుద్ధి చేసే దేశం, వేల ఏళ్లయినా మనిషి మీద వేసిన మైలను తీయలేకపోయింది. తీయలేక కాదు, అది తీస్తే పైపులోకి దిగేవాడు దొరకడు.

"యంత్రాలొచ్చాయి కదా!"

వచ్చాయి. 2017లో హైదరాబాద్ జలమండలి 70 మినీ జెట్టింగ్ యంత్రాలు తెచ్చింది. ఇరుకు గల్లీల్లోకి వెళ్లగలిగేవి. వాటిని దళిత పారిశ్రామికుల చేతికి ఇచ్చింది. మంచి పని. మంచిని మంచి అనడానికి మనకేం భయం? కానీ అది మా వాదనకే సాక్ష్యం. మనిషిని దించకుండా పని జరుగుతుందని 2017లోనే రుజువైంది కాబట్టి, ఆ తర్వాత దిగిన ప్రతి మనిషినీ ఎవరో ఒకరు కావాలనే దించారు. కాంట్రాక్టు మీద సబ్‌కాంట్రాక్టు, దాని కింద మేస్త్రీ, మేస్త్రీ కింద రోజుకూలీ. చనిపోయాక "మా ఉద్యోగి కాదు" అనడానికి కట్టిన నిచ్చెన ఇది. డాక్టర్ అంబేద్కర్ మెట్లుగా పేర్చిన అసమానత గురించి చెప్పింది ఇవాళ టెండరు ఫైల్లో కనిపిస్తుంది.

కోర్టులు చెప్పలేదా? 2014 మార్చి 27న సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన కేసులో, 1993 నుంచి మురుగులో చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికీ 10 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. 2025 జనవరిలో హైదరాబాద్‌తో సహా ఆరు మహానగరాల్లో మనుషులతో మురుగు తీయించడం ఆపాలంది. తీర్పులకు కొదవ లేదు. కానీ తీర్పు చావు తర్వాత వస్తుంది. మీటరు చావుకు ముందు మోగుతుంది. మేం అడుగుతున్నది మీటరు.

మూసీ ప్రేమికులకు కూడా ఒక మాట. నది బాగుపడాలి, నత్రజని పోవాలి, చేప తిరిగి రావాలి. మేమూ అదే అంటున్నాం. కానీ నది అందం గురించి మీరు పెట్టిన సభల్లో పైపులోకి దిగే మనిషికి కుర్చీ ఉందా? 2024లో మూసీ ఒడ్డున పేదల గోడల మీద ఎర్ర రంగుతో గుర్తులు వేసినప్పుడు, ఆ ఇళ్లలో నగరాన్ని ఊడ్చే మనుషులే ఎంతమంది ఉన్నారో లెక్క తీశారా? నదిని శుభ్రం చేయడమంటే నది పక్కన పేదల్ని శుభ్రం చేయడం కాదు.

మనం చేయాల్సింది

చదివి లైక్ కొట్టి పోయే భాగం కాదిది. సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలు చాలు. ప్రతి కాలేజీ నుంచి ఒక బృందం తమ ఊరి మున్సిపాలిటీకి, జలమండలికి ఈ ఐదు ప్రశ్నలు పంపండి.

1. మీ శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో అమ్మోనియా నత్రజని, మొత్తం నత్రజని కొలుస్తున్నారా? గత 12 నెలల అంకెలు ఇవ్వండి.

2. మీ పరిధిలో ఎన్ని గ్యాస్ మానిటర్లు ఉన్నాయి? ఎప్పుడు కొన్నారు? చివరిసారి ఎప్పుడు పరీక్షించారు?

3. మ్యాన్‌హోల్ తెరిచిన ప్రతిసారీ లోపలి ఆక్సిజన్, హైడ్రోజన్ సల్ఫైడ్ అంకెలు రాసే పుస్తకం ఉందా? ఉంటే నకలు ఇవ్వండి.

4. మురుగు లైన్ల నిర్వహణ ఒప్పందాల్లో కార్మికుల మరణానికి బాధ్యత ఎవరిది? ఇప్పటిదాకా ఎంతమంది కాంట్రాక్టర్ల మీద 2013 చట్టం కింద కేసు పెట్టారు?

5. శుద్ధి కేంద్రాల్లో ఆపరేటర్, ల్యాబ్ ఉద్యోగాలు ఎన్ని? వాటిలో పారిశుద్ధ్య కార్మికుల కుటుంబాల పిల్లలు ఎంతమంది?

మొదటి ప్రశ్న నదిది. రెండు, మూడు, నాలుగు పైపులోకి దిగేవాడివి. ఐదోది మన భవిష్యత్తుది. తరతరాలుగా ఈ మురుగు స్వభావం మా వాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆ తెలివికి ఇన్నాళ్లూ తాడు కట్టారు. ఇక సర్టిఫికెట్ కట్టండి, జీతం కట్టండి, తెర ముందు కుర్చీ వేయండి.

జవాబులు వచ్చినవి వచ్చినట్టు పంపండి. "సమాచారం అందుబాటులో లేదు" అని రాసినా పంపండి. అది కూడా జవాబే, ఇంకో తీసివేత. అన్నీ కలిపి ఊరి పేరు, తేదీతో సహా తొమ్మిదో భాగంలో పెడతాను.

2 మిల్లీగ్రాములు. ట్యాంకులో బాక్టీరియా కోసం ఈ ప్రభుత్వం రాత్రీపగలూ కాపాడే అంకె అది. గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. 19.5కి తగ్గితే ఆ చోటు ప్రమాదకరమని భద్రతా ప్రమాణం. ఈ రెండో అంకెను మ్యాన్‌హోల్ మూత దగ్గర, కార్మికుడి కళ్ల ముందు, దిగకముందే చూపించండి. చూపించలేకపోతే మూత తెరవకండి. మురుగు రోడ్డు మీద పారితే పారనీయండి. నగరం నాలుగు రోజులు ముక్కు మూసుకుంటే చచ్చిపోదు.

వచ్చే భాగం: సెప్టిక్ ట్యాంకులు, ట్యాంకర్లు, రాత్రిళ్లు చెరువుల్లో ఖాళీ చేసే బురద.

జై భీమ్.